ఛాంపియన్‌షిప్ 2024–25: పట్టికలో ఏది నమ్మాలి, ఏది వదిలేయాలి? (2025 జులై నాటి చర్చ)

#1 గణాంకాల_గోపి
2025 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్, ఇప్స్‌విచ్ మ్యాచ్‌తో ఛాంపియన్‌షిప్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ రెండో డివిజన్) కొత్త సీజన్ మొదలవుతుంది కనుక ఈపాటికి అందరూ అంచనాలు రాసేశారు. అన్నింటిలోనూ అవే మూడు పేర్లు: లెస్టర్, సౌతాంప్టన్, ఇప్స్‌విచ్. ప్రీమియర్ లీగ్ నుంచి దిగివచ్చారు కాబట్టి మళ్లీ ఎక్కుతారన్నదే వారి తర్కం. ఆ ఒక్క ముక్క చెప్పడానికి మిగిలిన 21 క్లబ్బుల గురించి పేజీలు నింపడం ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

నా సందేహం వేరు. గత సీజన్ పట్టికను ముందు పెట్టుకుని చూస్తే లీడ్స్‌కు, బర్న్‌లీకి చెరి 100 పాయింట్లు, షెఫీల్డ్ యునైటెడ్‌కు 90, సండర్‌లాండ్‌కు 76. పైకి వెళ్లింది మాత్రం లీడ్స్, బర్న్‌లీ, సండర్‌లాండ్. 46 మ్యాచ్‌లు ఆడి సంపాదించుకున్న 14 పాయింట్ల ఆధిక్యం వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్ అనే ఒక్క మ్యాచ్‌తో చెల్లకుండా పోయినప్పుడు, ఆ పట్టికను ఆధారం చేసుకుని వచ్చే ఏడాది గురించి ఏం చెప్పగలం? ఒక్కో క్లబ్బును దగ్గరగా చూసేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక అడుగుతున్నాను.

#2 లీడ్స్_లక్ష్మణ్
ముందు మా సంగతి తేల్చేద్దాం. 95 గోల్స్ కొట్టి 30 మాత్రమే ఇచ్చిన జట్టు మొదటి స్థానంలో నిలిస్తే ఆ పట్టికలో అబద్ధం ఏముంది? అంతకుముందు ఏడాది ఇదే మేనేజర్ ఫార్కే ఆధ్వర్యంలో 90 పాయింట్లతో మూడో స్థానంలో ఉండి, ఫైనల్‌లో సౌతాంప్టన్ చేతిలో 1–0తో ఓడిపోయాం. అప్పుడు మేనేజర్‌ను మార్చమని గోల చేసినవారిలో మా ఇంట్లోవారూ ఉన్నారు. క్లబ్బు మార్చలేదు, ఫలితం వచ్చింది. అంచనా వేసేటప్పుడు నేను మొదట చూసేది ఆ ఒక్క విషయమే.

#3 రాత్రిపూట_ప్రేక్షకుడు
100 పాయింట్లు రెండు రకాలుగా వస్తాయని గత సీజన్ చూపించింది. లీడ్స్ గోల్స్ కొట్టి తెచ్చుకుంది, బర్న్‌లీ గోల్స్ ఇవ్వకుండా తెచ్చుకుంది. మేనేజర్ స్కాట్ పార్కర్ కట్టిన ఆ జట్టు 46 మ్యాచ్‌లలో ఇచ్చినవి 16 గోల్స్, ఓడినవి రెండే మ్యాచ్‌లు, డ్రా చేసుకున్నవి 16. గోల్‌కీపర్ ట్రాఫర్డ్ 29 మ్యాచ్‌లలో గోల్ ఇవ్వలేదు.

ఆ డ్రాలలో ఒకదాన్ని నేను మరచిపోలేను. జనవరి 17న బర్న్‌లీ మైదానం టర్ఫ్ మూర్‌లో సండర్‌లాండ్‌తో మ్యాచ్, మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నరకు మొదలైంది. చివరి నిమిషాలు వచ్చేదాకా చెప్పుకోదగినది ఏమీ జరగలేదు. అప్పుడు సండర్‌లాండ్‌కు ఒక పెనాల్టీ వచ్చింది, ఇసిడోర్ తన్నాడు, ట్రాఫర్డ్ ఆపాడు. కాసేపటికే మరో పెనాల్టీ, మళ్లీ ఇసిడోరే బంతి పట్టుకుని వచ్చాడు, మళ్లీ ట్రాఫర్డే ఆపాడు. స్కోరు మాత్రం 0–0. పట్టికలో ఆ మ్యాచ్ చెరి ఒక పాయింటుగానే మిగిలింది. ఇంట్లోవాళ్లు లేస్తారని నోరు నొక్కుకుని అరిచిన అరుపు ఏ పట్టికలోనూ లేదు.

#4 వేర్‌సైడ్_వాసు
ఆ మ్యాచ్ గుర్తు చేయకపోతే బాగుండేది.

#5 గణాంకాల_గోపి
వాసు గారు ఎలాగూ వచ్చారు కనుక ఆయన్నే అడుగుతాను. చివరి ఐదు లీగ్ మ్యాచ్‌లూ వరుసగా ఓడిన మీ సండర్‌లాండ్, ఛాంపియన్ కంటే 24 పాయింట్లు తక్కువ తెచ్చుకున్న జట్టు ప్రీమియర్ లీగ్‌కు వెళ్లడం న్యాయమేనా?

#6 వేర్‌సైడ్_వాసు
న్యాయం సంగతి నియమావళి రాసినవారిని అడగాలి. మూడు నుంచి ఆరు స్థానాలవారు ప్లేఆఫ్ ఆడతారని సీజన్ మొదలుకాకముందే అందరికీ తెలుసు. నాలుగో స్థానం దాదాపు ఖాయమైపోయాక, పైన రెండు స్థానాలూ అందనంత దూరంలో ఉన్నప్పుడు, మా మేనేజర్ లె బ్రీ తన ముఖ్యమైన ఆటగాళ్లకు విశ్రాంతి ఇస్తూ వచ్చాడు. ఆ ఐదు ఓటములు చూసి మమ్మల్ని కొట్టిపారేసినవారు అసలు సంగతి గమనించలేదు. సెమీఫైనల్‌లో కోవెంట్రీని వారి మైదానంలో 2–1తో ఓడించాం. మా మైదానంలో వారు ఒక గోల్ కొట్టి లెక్క సమం చేశారు, అదనపు సమయం కూడా అయిపోయి పెనాల్టీలకు సిద్ధపడుతున్న 122వ నిమిషంలో కార్నర్ నుంచి బలార్డ్ తలతో కొట్టాడు. ఫైనల్‌లో ఒక గోల్ వెనకబడి, 76వ నిమిషంలో మయెండాతో సమం చేసి, 95వ నిమిషంలో టామీ వాట్సన్‌తో గెలిచాం. ఆ కుర్రాడు బ్రైటన్‌కు వెళ్లడం అప్పటికే ఖాయమైపోయింది, మా క్లబ్బుకు అతని చివరి షాట్ అదే. 2018 నుంచి నాలుగేళ్లు లీగ్ వన్‌లో (మూడో డివిజన్) మగ్గిన క్లబ్బుకు ఆ సాయంత్రం దక్కితే ఎవరి సొమ్ము పోయింది?

#7 షెఫీల్డ్_విద్యార్థి
మా సొమ్ము పోయింది. ఆ ఫైనల్‌లో మేము 1–0తో ముందున్నప్పుడు మా బరోస్ రెండో గోల్ కొట్టాడు. గోల్‌కీపర్ చూపుకు మా ఆటగాడు అడ్డుగా ఆఫ్‌సైడ్‌లో నిలిచాడని వీఏఆర్ (వీడియో రిఫరీ) దాన్ని రద్దు చేసింది. నిబంధన ప్రకారం ఆ నిర్ణయం సరైనదే కావచ్చు, నేను వాదించను. కానీ 46 మ్యాచ్‌లు వీఏఆర్ లేకుండా ఆడించి, సెమీఫైనల్స్ కూడా అది లేకుండానే జరిపించి, కోట్ల పౌండ్ల ఫైనల్‌కు మాత్రమే దాన్ని తెచ్చిపెట్టడం ఏ పద్ధతి? అన్నట్టు మా 90 పాయింట్లలో శిక్షగా రెండు పోయాయి. అసలు సంపాదించింది 92. బ్రిస్టల్ సిటీపై రెండు సెమీఫైనల్స్ కలిపి 6–0. ఇంతా చేసి ప్లేఆఫ్ ద్వారా మా క్లబ్బు చరిత్రలో ఒక్కసారి కూడా పైకి వెళ్లలేదు.

#8 లీడ్స్_లక్ష్మణ్
2024లో మేము మూడో స్థానంలో 90 పాయింట్లతో ఓడాం. 2025లో మీరు మూడో స్థానంలో 90 పాయింట్లతో ఓడారు. మూడో స్థానంలోకి వచ్చే జట్టు 89 దగ్గరే ఆగిపోవడం మంచిదేమో.

#9 కోవెంట్రీ_కోడలు
పెళ్లయి ఈ ఊరికి వచ్చాక మావారి వల్ల ఈ క్లబ్బు తగులుకుంది, వదలడం లేదు. వాసు గారు చెప్పిన మొదటి సెమీఫైనల్‌కు నేను మైదానంలోనే ఉన్నాను. రుడోని సమం చేశాక మా వెనక వరుసలోని పెద్దాయన కూర్చోవడమే మానేశారు. 88వ నిమిషంలో మా వాన్ ఎవైక్ వెనక్కి ఇవ్వబోయిన బంతి పొట్టిగా పడింది, మయెండా అందుకున్నాడు. దాని తరువాత ఆ స్టేడియంలో పక్కవారి ఊపిరి కూడా వినిపించింది.

అయితే గోపి గారి ప్రశ్నకు మా క్లబ్బులో మంచి జవాబు ఉంది. నవంబరులో మేనేజర్ మార్క్ రాబిన్స్‌ను తొలగించి లాంపార్డ్‌ను తెచ్చినప్పుడు మేము 17వ స్థానంలో ఉన్నాం. సీజన్ ముగిసేసరికి 69 పాయింట్లతో ఐదో స్థానం. అంటే పట్టికలో కనిపించే 69 నిజానికి రెండు వేర్వేరు జట్ల మొత్తం. మొదటి మూడు నెలలు తీసేసి చూస్తే మేము ఐదో స్థానపు జట్టు కంటే బలమైనవాళ్లం. ఈసారి మొదటి రోజు నుంచీ అదే మేనేజర్, దాదాపు అదే జట్టు. నేరుగా పైకి వెళ్లే రెండు స్థానాలకు మేము పోటీపడతామని నా గట్టి నమ్మకం.

#10 పాత_తరం
కోడలమ్మా, నీ లెక్కలో ఒక ఇబ్బంది ఉంది. నాలుగో డివిజన్‌దాకా పడిపోయిన మీ క్లబ్బును అక్కడి నుంచి లేపి, 2023లో ప్రీమియర్ లీగ్‌కు ఒక్క పెనాల్టీ దూరానికి తెచ్చిన రాబిన్స్‌ను పంపించడం సరైన పనేనని ఫలితం చూసి అంటున్నాం. అదే ధైర్యం 2023లో బర్మింగ్‌హామ్ కూడా చేసింది. జట్టు ఆరో స్థానంలో ఉండగా మేనేజర్ యూస్టస్‌ను తీసేసి రూనీని తెచ్చారు. 15 మ్యాచ్‌లలో రెండే విజయాలు, 20వ స్థానం, రూనీ వెళ్లిపోయినా జట్టు కోలుకోక ఆ సీజన్ చివర లీగ్ వన్‌కు పతనం. పెద్ద పేరున్న మాజీ ఆటగాడిని తేవడం ఒకచోట మందు, మరోచోట విషం. ముందుగా ఎవరికీ తెలియదు.

#11 కోవెంట్రీ_కోడలు
తెలియదన్నది నిజమే బాబాయ్ గారూ. కానీ రూనీ తరువాత ప్లిమత్‌కు వెళ్లి అక్కడా డిసెంబరు 31న అట్టడుగు స్థానంలో వదిలి వచ్చారు. లాంపార్డ్‌ను ఆయనతో ఒకే గాటన కట్టకండి.

#12 రాత్రిపూట_ప్రేక్షకుడు
ప్లిమత్ ఫిబ్రవరిలో ఎఫ్ఏ కప్‌లో లివర్‌పూల్‌ను 1–0తో ఓడించి, మేలో 46 పాయింట్లతో లీగ్ వన్‌కు దిగింది. ఈ డివిజన్‌ను ఎందుకు చూస్తావని అడిగేవారికి నేను ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంటాను.

#13 రోవర్స్_రాఘవ
అందరూ పైనున్న ఆరు జట్ల గురించే మాట్లాడుతున్నారు. ఏడో స్థానంలో 66 పాయింట్లతో, ప్లేఆఫ్‌కు రెండే పాయింట్ల దూరంలో ఆగిన బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను ఏ అంచనాలోనూ ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. విచారం ఏమిటంటే, రోవర్స్ అభిమానిగా నేను కూడా తీసుకోవడం లేదు.

మన తెలుగువారికి ఈ క్లబ్బుతో ఒక సంబంధం ఉంది, చాలామందికి తెలియదు. దాని యజమానులు వెంకటేశ్వర హేచరీస్ వారు. ఆ సంస్థను 1971లో స్థాపించిన బండా వాసుదేవరావు గారు హైదరాబాదు ప్రాంతంవారు. మన జిల్లాలలో కోళ్ల ఫారాలు పరిశ్రమగా ఎదగడం వెనక ఆయన కృషి ఎంత ఉందో ఆ రంగంలోని వారిని అడిగితే చెబుతారు. మా చిన్నాన్నకు ఫారం ఉండేది కనుక ఆ పేరు ఇంట్లో వింటూ పెరిగాను. 2010 నవంబరులో ఆయన సంతానం సుమారు 2.3 కోట్ల పౌండ్లు పెట్టి బ్లాక్‌బర్న్‌ను కొన్నారని చదివి, మనవాళ్ల క్లబ్బు కదా అని చూడడం మొదలుపెట్టాను. 1994–95లో ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు అది.

ఆ తరువాతి చరిత్ర మీకు తెలిసిందే. నెల తిరగకుండానే మేనేజర్ అలర్డైస్‌ను తొలగించారు. 2012 మే 7న విగాన్ చేతిలో ఓడి ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయిన రోజున, అభిమానులు నిరసనగా రోవర్స్ జెండా కప్పిన ఒక కోడిని మైదానంలోకి వదిలారు. అది పరుగెడుతుంటే ఆటగాళ్లు నడుముపై చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడ్డారు. తరువాతి సీజన్‌లో బెర్గ్ 57 రోజులు, ఆపిల్టన్ 67 రోజులు మేనేజర్లుగా ఉన్నారు. 2017లో మూడో డివిజన్‌కు పడి, మేనేజర్ మౌబ్రే చలవతో ఏడాదిలోనే తిరిగి వచ్చారు.

యజమానులు డబ్బు పెట్టలేదని అనడం అన్యాయం. ఏళ్ల తరబడి నష్టాలు భరించారు. కానీ ఇటీవల భారతదేశం నుంచి డబ్బు పంపే విషయంలో కేసు నడిచి, ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకుని, పంపినంత మొత్తానికి బ్యాంకు హామీ చూపించి పంపవలసిన పరిస్థితి వచ్చింది. ఆ ప్రభావం జట్టుపై కనిపించింది. 2024 ఫిబ్రవరిలో ఆడమ్ వార్టన్‌ను దాదాపు 1.8 కోట్ల పౌండ్లకు క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మారు. ఈ మేలో ప్యాలెస్ ఎఫ్ఏ కప్ గెలిచినప్పుడు మధ్యమైదానంలో అతనే ఉన్నాడు. 2023–24లో 27 గోల్స్‌తో డివిజన్ మొత్తానికి అగ్రస్థానంలో నిలిచిన స్మోడిక్స్ ఆ వేసవిలో ఇప్స్‌విచ్‌కు వెళ్లాడు. డివిజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు మా జట్టులో ఉండి కూడా మేము చివరి రోజు లెస్టర్‌లో గెలిచి, 19వ స్థానంలో బతికిపోయామంటే మిగతా జట్టు ఎలా ఉందో ఊహించుకోండి.

అలాంటి జట్టును యూస్టస్ ఈ ఫిబ్రవరికి ప్లేఆఫ్ స్థానాలలోకి తెచ్చాడు. తెచ్చి, దిగిపోయే ప్రమాదంలో ఉన్న డర్బీకి వెళ్లిపోయాడు. పైనున్న క్లబ్బును వదిలి కిందున్న క్లబ్బుకు ఒక మేనేజర్ ఇష్టపూర్వకంగా వెళ్లాడంటే, గోపి గారూ, పట్టిక చెప్పని విషయం అదే కదా?

#14 గణాంకాల_గోపి
అదే. మీ పోస్టుకు కృతజ్ఞతలు. యూస్టస్ వెళ్లిన డర్బీ 50 పాయింట్లతో నిలబడింది కూడా. ఒక మేనేజర్ తనకు తెలిసిన సమాచారంతో వేసిన అంచనాను మన అంచనాలకంటే ఎక్కువగా నమ్మాలి.

#15 మధ్యపట్టిక
కోడిగుడ్డు ధరను రోజూ ప్రకటించే వ్యవస్థను స్థాపించిన కుటుంబం వారే కదా. ఆటగాళ్ల ధరలను కూడా అలాగే ఉదయాన్నే పేపర్లో వేస్తే ఈ బదిలీల వదంతుల బాధ తప్పుతుంది.

#16 రోవర్స్_రాఘవ
నవ్వాను, కాదనను. మా దగ్గర అమ్మే ధరే ఉంటుంది, కొనే ధర ఉండదు.

#17 పాత_తరం
రాఘవా, కొంచెం ఎదురు మాట చెబుతాను. 15 ఏళ్లుగా నష్టం భరిస్తున్న యజమాని దొరకడం ఈ డివిజన్‌లో చిన్న విషయం కాదు. ఈ క్లబ్బులకు వచ్చే ఆదాయమంతా ఆటగాళ్ల, సిబ్బంది జీతాలకే సరిపోని సీజన్లు ఎన్నో ఉన్నాయి. మూడేళ్లలో 3.9 కోట్ల పౌండ్ల వరకు నష్టం చూపించవచ్చని నియమమే అనుమతిస్తోంది. అంటే నష్టం ఇక్కడ మామూలు సంగతి, అది ఎవరి జేబులోంచి వస్తుందన్నదే ప్రశ్న. ఆ జేబు ఒక్కసారిగా మూసుకుంటే ఏమవుతుందో 2021లో డర్బీలో చూశాం. 21 పాయింట్లు కోత పెట్టారు. ఆ ఆటగాళ్లు మైదానంలో సంపాదించినవి 55, పట్టికలో మిగిలినవి 34, దిగిపోయారు. పట్టిక అబద్ధం చెప్పిందనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

#18 షెఫీల్డ్_విద్యార్థి
ఈ ఏడాది ఆ భయం మా ఊరి అవతలి క్లబ్బుకు ఉంది. షెఫీల్డ్ వెన్స్‌డే గత సీజన్‌లో 58 పాయింట్లతో 12వ స్థానం. పట్టిక చూస్తే హాయిగా ఉన్న జట్టు. కానీ మార్చిలో, మేలో, జూన్‌లో జీతాలు ఆలస్యమయ్యాయి, కొత్తవారిని తీసుకోవడంపై ఆంక్షలు పడ్డాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. నేను యునైటెడ్ అభిమానిని కనుక సంతోషించాలని మావాళ్లు అంటారు. నాతో చదివే వెన్స్‌డే అభిమాని ముఖం చూస్తే సంతోషం రావడం లేదు. క్లబ్బు దివాలా తీసి అడ్మినిస్ట్రేటర్ల చేతికి వెళ్లి 12 పాయింట్లు పోతాయేమోనని వాళ్లు ఇప్పటినుంచే లెక్కలు వేసుకుంటున్నారు. 12వ స్థానంలో ముగించిన ఈ జట్టును నేను 24వ స్థానంలో పెడతాను.

#19 లీడ్స్_లక్ష్మణ్
జులై 21న ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టానికి రాజామోదం లభించింది. స్వతంత్ర నియంత్రణ సంస్థ వస్తుంది, యజమానుల స్తోమతను పరిశీలిస్తుంది. అది పనిలోకి దిగేలోపు వెన్స్‌డే పరిస్థితి ఏమవుతుందన్నదే అనుమానం.

#20 మధ్యపట్టిక
ఇక అసలు విషయానికి వద్దాం. దిగివచ్చిన మూడు క్లబ్బులనూ గోపి గారు మొదటి పోస్టులో తేలిగ్గా తీసిపారేశారు. దిగివచ్చినవారికి ప్రీమియర్ లీగ్ ఇచ్చే పారాచూట్ చెల్లింపులను మరచిపోయారా? ప్రీమియర్ లీగ్‌లో ప్రతి క్లబ్బుకు సమానంగా పంచే ప్రసార ఆదాయంలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45 శాతం, పైన ఒకటి కంటే ఎక్కువ సీజన్లు ఉన్నవారికి మూడో ఏడాది 20 శాతం ఇస్తారు. చేతిలో అంత సొమ్ము ఉన్నవారితో మిల్‌వాల్, ప్రెస్టన్ లాంటివారు ఎలా పోటీపడతారు? బర్న్‌లీని చూడండి: 2022లో దిగింది, 2023లో 101 పాయింట్లతో ఎక్కింది, 2024లో దిగింది, 2025లో 100 పాయింట్లతో ఎక్కింది.

#21 గణాంకాల_గోపి
మరచిపోలేదు. బర్న్‌లీ ఉదాహరణ చెప్పినప్పుడు లూటన్ ఉదాహరణ కూడా చెప్పాలి. అదే 2024లో బర్న్‌లీతో కలిసి దిగి, అదే పారాచూట్ సొమ్ము అందుకుని, 49 పాయింట్లతో 22వ స్థానంలో ముగించి లీగ్ వన్‌కు పోయింది. చివరి రోజు వెస్ట్ బ్రామ్‌లో 5–3తో ఓడింది, హల్‌కు కూడా 49 పాయింట్లే అయినా గోల్ తేడాతో హల్ బతికింది. రెండో ఏడాది 45 శాతం లూటన్ మూడో డివిజన్‌లో కూర్చుని అందుకుంటుంది. 2022లో దిగిన నార్విచ్, వాట్‌ఫర్డ్ చెరి 57 పాయింట్లతో 13, 14 స్థానాలలో ఉన్నాయి, వారి చెల్లింపులూ అయిపోయాయి. పారాచూట్ ఉన్నంత మాత్రాన నేలపై క్షేమంగా కాళ్లు ఆనుతాయని లేదు.

సరే, మూడింటినీ విడివిడిగా చూద్దాం. మూడూ పైన ఉన్నది ఒక్క సీజనే కనుక రెండేళ్ల చెల్లింపులే వస్తాయి. సౌతాంప్టన్ 12 పాయింట్లతో ముగించింది, 2007–08లో డర్బీ పేరున ఉన్న 11 పాయింట్ల రికార్డును ఒక్క పాయింటుతో తప్పించుకుంది. అలా ఓడీ ఓడీ వచ్చిన ఆటగాళ్లు ఆగస్టులో గెలవడం గుర్తుతెచ్చుకోవాలి. లెస్టర్ 25 పాయింట్లతో దిగింది, ఆర్థిక నిబంధనల గొడవ ఇంకా వెంటాడుతోంది, మేనేజర్ వచ్చి పదిరోజులైనా సరిగా కాలేదు. ఇప్స్‌విచ్‌కు వచ్చినవి 22 పాయింట్లే, 3 కోట్ల పౌండ్లకు డెలాప్‌ను చెల్సీకి అమ్మింది. అయినా మేనేజర్ మెకెన్నా ఉన్నాడు. లీగ్ వన్ నుంచి వరుసగా రెండేళ్లలో పైకి తీసుకెళ్లినవాడు, దిగిపోయాక కూడా అతన్ని కదపలేదు. మూడింటిలో నేను నమ్మేది ఆ ఒక్క క్లబ్బునే.

#22 రాత్రిపూట_ప్రేక్షకుడు
పైకి వెళ్లిన ముగ్గురూ దిగివచ్చేయడం రెండేళ్లుగా వరుసగా జరిగింది, అలా ఎప్పుడూ జరగలేదు. 2024లో దిగిన ముగ్గురి మొత్తం 66 పాయింట్లు, 2025లో 59. అంతెందుకు, ఈ ఏడాది 17వ స్థానంలో బతికిపోయిన టాటెన్‌హామ్‌కు 38 ఉన్నాయి, లెస్టర్ దానికి 13 పాయింట్ల కింద ఉంది. పై డివిజన్‌కు, ఈ డివిజన్‌కు మధ్య అంత దూరం పెరిగినప్పుడు, ఇక్కడ గెలవడానికి కట్టే జట్టు, అక్కడ బతకడానికి కట్టే జట్టు ఒకటి కావడం కష్టం.

#23 వేర్‌సైడ్_వాసు
అందుకే మావాళ్లు జోబ్ బెల్లింగ్‌హామ్‌ను డోర్ట్‌మండ్‌కు అమ్మి, ఆ సొమ్ముతో జట్టును సగం మార్చేస్తున్నారు. గెలిపించిన కుర్రాళ్లను పక్కనపెడుతున్నారని కొందరికి కోపం. ప్లేఆఫ్ గెలుపు విలువ మూడేళ్లలో కనీసం 20 కోట్ల పౌండ్లని డెలాయిట్ వారు లెక్కగట్టారు. ఆ డబ్బు దాచుకుని 12 పాయింట్లు తెచ్చుకోవడం కంటే ఖర్చుపెట్టి ప్రయత్నించడమే మేలని నా అభిప్రాయం.

#24 మధ్యపట్టిక
బర్మింగ్‌హామ్, రెక్సమ్‌ల గురించి ఎవరూ మాట్లాడరేం? బర్మింగ్‌హామ్ లీగ్ వన్‌లో 111 పాయింట్లు తెచ్చుకుంది. రెక్సమ్ వరుసగా మూడో ప్రమోషన్‌తో వచ్చింది, ఇంగ్లండ్ పై ఐదు అంచెలలో అలా ఇంకెవరూ చేయలేదు. విచిత్రం ఏమిటంటే 2022–23లో రెక్సమ్ ఐదో అంచెలో గెలిచినప్పుడు కూడా 111 పాయింట్లే.

#25 పాత_తరం
ఒకేలాంటి కథలుగా కనిపిస్తాయి గానీ రెండూ ఒకటి కావు. బర్మింగ్‌హామ్ ఈ డివిజన్‌కు కొత్త కాదు, ఒక్క ఏడాది బయటకు వెళ్లి వచ్చింది. లీగ్ వన్‌లో ఉండగానే ఛాంపియన్‌షిప్ స్థాయి జీతాలతో జట్టు కట్టుకుంది, మేనేజర్ క్రిస్ డేవిస్‌ను మార్చలేదు. లీగ్ వన్ నుంచి వచ్చిన మరుసటి ఏడాదే ప్రీమియర్ లీగ్‌కు వెళ్లిన వారున్నారు: 2011లో నార్విచ్, 2012లో సౌతాంప్టన్, 2024లో ఇప్స్‌విచ్. కనుక బర్మింగ్‌హామ్ తొలి ఆరులో ఉంటే నేను ఆశ్చర్యపోను.

రెక్సమ్ రెండో డివిజన్‌లో చివరగా ఆడింది 1981–82లో. సినీనటుల సొమ్ము, డాక్యుమెంటరీ తెచ్చిన ఆదాయం ఉన్నాయి, కాదనను. కానీ ప్రతి ఏడాదీ ఒక మెట్టు ఎక్కుతున్న జట్టు ప్రతి ఏడాదీ సగం ఆటగాళ్లను మార్చుకోవలసి వస్తుంది. ఐదో అంచెలో గెలిపించిన వీరులకు ఇక్కడ చోటు ఉండదు. మేనేజర్ పార్కిన్సన్ ఆ పని మొహమాటం లేకుండా చేస్తూ వచ్చాడు కనుక బతుకుతారు. 12 నుంచి 16 మధ్య.

#26 కోవెంట్రీ_కోడలు
కార్డిఫ్‌ను కూడా తలచుకోండి. సెప్టెంబరులో ఒక మేనేజర్‌ను తీసేశారు, రెండోవాడిని చివరి మూడు మ్యాచ్‌ల ముందు తీసేసి ఆరన్ రామ్సేకు అప్పగించారు, 44 పాయింట్లతో అట్టడుగున దిగిపోయారు. మేనేజర్‌ను మార్చి బాగుపడిన మా క్లబ్బు ఒక్కటే మినహాయింపు, మిగతా పట్టికంతా లక్ష్మణ్ గారి వైపే ఉందని ఒప్పుకుంటాను.

#27 షెఫీల్డ్_విద్యార్థి
అలా అయితే మా గతి ఏమిటి? 92 పాయింట్లు సంపాదించిన మేనేజర్ వైల్డర్‌ను జూన్‌లో పంపించేసి, రూబెన్ సెయెస్‌ను తెచ్చారు. ఆయన గత ఏడాది హల్‌ను గోల్ తేడాతో కాపాడారు. ఆట తీరు పూర్తిగా మార్చేస్తారట. మూడో స్థానంలో ముగించిన జట్టు తీరును మార్చడం ఎందుకో మాకెవరికీ బోధపడలేదు. అంచనాలు రాసినవారంతా మమ్మల్ని తొలి నాలుగులో వేస్తున్నారు. నేను వేయను.

#28 లీడ్స్_లక్ష్మణ్
మాటలు చాలు, పేర్లు రాయండి. నావి: నేరుగా ఇప్స్‌విచ్, సౌతాంప్టన్. ప్లేఆఫ్‌లో కోవెంట్రీ, బర్మింగ్‌హామ్, మిడిల్స్‌బ్రో, షెఫీల్డ్ యునైటెడ్. దిగేది వెన్స్‌డే, ఆక్స్‌ఫర్డ్, ప్రెస్టన్.

#29 గణాంకాల_గోపి
ఇప్స్‌విచ్, కోవెంట్రీ నేరుగా. ప్లేఆఫ్‌లో బర్మింగ్‌హామ్, సౌతాంప్టన్, మిడిల్స్‌బ్రో, వెస్ట్ బ్రామ్. లెస్టర్‌ను కావాలనే వదిలేశాను. వెన్స్‌డే, చార్ల్‌టన్, ఆక్స్‌ఫర్డ్ దిగుతాయి.

#30 మధ్యపట్టిక
ప్రెస్టన్ చివరి రోజు బ్రిస్టల్‌లో 2–2తో బతికింది, 50 పాయింట్లు. ఈసారి కూడా చివరి రోజే బతుకుతుంది, లక్ష్మణ్ గారు బెంగపడనక్కరలేదు.

#31 పాత_తరం
లెస్టర్‌ను వదిలేసిన గోపి ధైర్యం మెచ్చుకోదగినది. నేను అంత దూరం పోను, ఆరో స్థానం ఇస్తాను. కోడలమ్మ మాట విని కోవెంట్రీకి మొదటి స్థానం.

#32 కోవెంట్రీ_కోడలు
బాబాయ్ గారూ, దిష్టి తగులుతుంది, రెండో స్థానం చాలు.

#33 వేర్‌సైడ్_వాసు
రాఘవ గారు ఇంకా రోవర్స్‌ను ఎక్కడా పెట్టలేదు.

#34 రోవర్స్_రాఘవ
18వ స్థానం. ఆగస్టు 9న వెస్ట్ బ్రామ్‌లో మొదటి మ్యాచ్, మనకు రాత్రి ఏడున్నరకు. అప్పటికి ఇంకెవరినీ అమ్మకుండా ఉంటే 15.